ముందు విరిగింది

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
12 నవంబర్ 2025, బుధవారం

రాధ వదినకు,

నమస్కారాలు. మీ అమ్మగారికీ నాన్నగారికీ కూడా నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని కూడా రాయాలి. అది మాత్రం రాయలేకపోతున్నాను.

ఈ ఉదయం అమ్మ వాకర్ తుడుస్తుంటే ఒకటి కనిపించింది. దాని నాలుగు కాళ్ళకీ అడుగున రబ్బరు తొడుగులుంటాయి. మూడు కొత్తవాటిలానే ఉన్నాయి. ఎడమవైపు ముందు కాలిది ఏటవాలుగా అరిగిపోయి లోపలి గొట్టం అంచు బయటపడింది. కుడి తొంటికి ఆపరేషన్ అయిన మనిషి ఆరు నెలలుగా తన బరువంతా ఎటు ఒరగేస్తోందో ఆ ముక్క చెబుతోంది. రోజూ తుడిచేదాన్నే, ఇవాళ్టిదాకా చూడలేదు.

దాన్ని చేత్తో పట్టుకుని కింద కూర్చుని ఉండగా నాన్న ఫోన్ మోగింది. నాన్న గడ్డం గీసుకుంటూ స్పీకర్‌లో పెట్టాడు. మీ సింహాద్రి మావయ్య. అన్నీ విన్నాను. "ఒక్క మాటే కదేటి బావగారూ, అనేత్తాది. ఆదివారం నానే ఎంటబెట్టుకుని తీసుకొత్తాను. నలుగురి ముందూ అనేత్తాది, అత్తగారి కాల్లు అట్టుకుంటాది, అయిపోద్ది. పిల్లలు కాపరం సేసుకోవాలి గానీ మనకేటి" అన్నాడు. నాన్న సరేనన్నాడు. నురగతోనే అన్నాడు. తాయారత్త మా ఇంట్లోనే ఉంది, ఈ మధ్య ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంటోంది. "శ్రీరామ్మూర్తి గారి ఎదురుగానే అనిపించు అన్నయ్యా, లేకపోతే రేపు మాట మార్చేస్తారు, వాళ్ళ సంగతి నీకు తెలీదు" అంది. శ్రీరామ్మూర్తి గారు నాన్నతో మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, నీకు గుర్తుండే ఉంటారు. మీ పెళ్ళి మాటలప్పుడు కూడా ఆయనే కూర్చున్నారు.

ఆ ఒక్క మాట ఏమిటో నాకు తెలుసు. "నా అజాగ్రత్త వల్లే అత్తయ్య పడింది" అని నువ్వు అనాలి. అది అంటే నిన్ను మళ్ళీ ఇంట్లోకి రానిస్తారు.

వదినా, ఆ మాట అనకు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అనుకుంటావు. ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు. ఎదురుగా ఉన్నా పెగలదు. మా స్కూల్లో సిస్టర్లు అడిగితేనే మాట్లాడాలని నేర్పారు. పన్నెండేళ్ళపాటు ఆ ఒక్క విషయంలో క్లాసులో నేనే ఫస్టు. కాబట్టి కాగితం మీద చెబుతాను. రేపు కాలేజీకి వెళ్తూ స్పీడ్‌పోస్టులో వేస్తే శుక్రవారానికి నీకు అందుతుంది. కొంచెం పాఠంలా ఉంటుంది, ఓపిక పట్టు. నాకు వచ్చింది అదే.

నువ్వు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫస్టియర్ పిల్లలకి చూపించడానికని ఒక కోడికాలి ఎముకను వెనిగర్ సీసాలో వేసి వంటింటి అటక మీద దాచాను. వారం పోయాక తీసి నీ చేతికిచ్చాను. నువ్వు దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "ఇదేటి సత్తే, బొమికా, రబ్బరు గొట్టవా" అన్నావు. అని ఊరుకోలేదు, దానికి ముడి వేశావు. "సూడు, మా అయ్య వల ముడి" అని నా ముక్కు ముందు ఊపావు. ఆ రోజునుంచి నేను నీకు బొమికల పంతులమ్మని. ఈ ఇంట్లో నాకు ముద్దుపేరు పెట్టింది నువ్వొక్కదానివే. సొర్రచేపకి అసలు బొమికే ఉండదని, ఒళ్ళంతా మెత్తటిదేనని, అందుకే అది ముసలిదైనా దానికి తొంటి విరగదని నువ్వన్నావు. దానికి తొంటే లేదు కదా అన్నాను. ఇద్దరం వంటింటి గట్టు పట్టుకుని నవ్వాం. హాల్లోంచి అమ్మ, "పొయ్యి దగ్గర ఆ ఎముకలేంటే, ఇద్దరికిద్దరూ సరిపోయారు" అంది. తరవాత గొంతు తగ్గించి తాయారత్తతో, "దానికి పుట్టింటి అలవాటు, మన పిల్లక్కూడా అంటింది" అంది. నువ్వు విన్నావు. విన్నట్టు కనబడలేదు. ఈ ఇంట్లో చేప పులుసంటే అందరికీ ప్రాణం, చేపలు పట్టేవాళ్ళంటేనే పడదు.

అప్పుడు నీకు చెప్పాను, వెనిగర్ ఎముకలోని సున్నాన్ని కరిగించేస్తుందని, మిగిలేది నార మాత్రమేనని. అదే ఎముకని కాలిస్తే నార పోయి సున్నం మిగులుతుంది, వేలితో నొక్కితే పొడి అయిపోతుంది. రెండూ కలిసి ఉంటేనే ఎముక. ఇనప కమ్మీ, సిమెంటూ కలిస్తేనే స్లాబు అయినట్టు. నాన్న ముప్ఫై ఏళ్ళు మిల్లులో కమ్మీలు చేశాడు. కమ్మీ లేని స్లాబు కింద కాపురం ఉండమంటే ఉండడు. ఇంట్లో మనిషి లోపల ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు.

నీకు అప్పుడు చెప్పనిది ఇంకొకటుంది. మా ల్యాబులో పిల్లలు పట్టుకునే ఎముకలు చచ్చినవి. వాటిని చూసి ఎముకంటే రాయిలాంటిది, ఒకసారి పెరిగి అలా పడి ఉంటుంది అనుకుంటారు. ఒంట్లో ఉన్నది అలా కాదు. కోస్తే రక్తం వస్తుంది. అందులో పాత ఎముకని తినేసే కణాలుంటాయి, కొత్తది కట్టే కణాలుంటాయి. తినేవి ఒకచోట గుంట తవ్వడానికి మూడు వారాలు చాలు. కట్టేవాటికి దాన్ని పూడ్చడానికి మూడు నెలలు పడుతుంది. ఎప్పుడూ అంతే, పాడుచెయ్యడానికి తక్కువ రోజులు, బాగుచెయ్యడానికి ఎక్కువ రోజులు. అయినా మనం నిలబడి తిరుగుతున్నామంటే తినేవాటిని ఏదో అదుపులో పెడుతోందన్నమాట. ఆడవాళ్ళలో ఆ పని ఎక్కువగా చేసేది అండాశయాల్లో ఊరే ఈస్ట్రోజెన్. అది పోతే తినేవాటికి అడ్డు ఉండదు. మామూలుగా యాభై దగ్గర పడ్డాక తగ్గుతుంది.

అమ్మకి అది ఇరవై తొమ్మిదో ఏట పోయింది. అప్పుడు నాకు ఒక ఏడాది.

అమ్మ ఆ కథ నీకు కూడా చెప్పే ఉంటుంది, గొప్పగానే చెబుతుంది. నెలనెలా ఎక్కువగా అవుతోందని అమ్మమ్మ గోదావరి దగ్గర తమ టౌన్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్ళింది. వారంలో పెద్దాపరేషన్ చేసి పంపారు. ఆ వీధిలో అప్పటికే పదకొండు మందికి అయిందట. వాళ్ళందరూ వచ్చి, హాయిగా ఉంటుంది వదినా, దరిద్రం వదిలిపోతుంది అని ధైర్యం చెప్పారట. "పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేంటి" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పిల్లలు పుట్టకుండా చేసేది చిన్నాపరేషన్, సంచి తీసేసేది పెద్దాపరేషన్. ఆ పేరులో ఏం తీశారన్నది లేదు. ఎంత పెద్దది అన్నదే ఉంది.

మే నెలలో ఆరోగ్యశ్రీ కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే ఆ పాత డిశ్చార్జి కాగితం దొరికింది. ఇంగ్లీషులో ఒక లైను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీశాం అని. అమ్మని అడిగాను, అవి కూడా తీశారని తెలుసా అని. "ఏమోనే, సంచి అంటే అన్నీ కలిపే కదా" అంది. కాగితం కింద నాన్న సంతకం ఉంది. చదివి పెట్టాడా అని అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో నాకు తెలుసు.

ఆపరేషన్ అయ్యాక బరువులెత్తకూడదన్నారట. ఎన్నాళ్ళో చెప్పలేదు. అమ్మ ఇరవై మూడేళ్ళు ఎత్తలేదు. బిందె ఎత్తలేదు, నన్నూ ఎత్తుకోలేదు. ఎండకి రాలేదు. నాన్న దాన్ని రాణీలా చూసుకోవడం అంటాడు. ఎముకకి బరువే తిండి వదినా. ఎక్కడ బరువు పడుతుందో అక్కడే అది గట్టిగా కట్టుకుంటుంది, పడనిచోట వదిలేస్తుంది. మీ అమ్మని చూడు. మా అమ్మకంటే ఆరేళ్ళు పెద్ద. తల మీద గంప పెట్టుకుని హార్బర్ నుంచి ఎంత దూరం నడుస్తుంది! మీ పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని మండపం ఎక్కించింది, ఆ పట్టు నాకింకా గుర్తుంది. మీ అమ్మకి ఎవరూ పెద్దాపరేషన్ చేయించలేదు. తీరిక లేకనో, పట్టించుకునేవాళ్ళు లేకనో. అందుకే ఆమె తొంటి ఇంకా నిలబడి ఉంది. తాయారత్త నీకు కూడా, ఒక బిడ్డ పుట్టాక తీయించేసుకో సుఖపడతావు అని చెప్పింది. నువ్వు తలూపావు. ఎవరు చెప్పినా ఊరికే తలూపకు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. ఏప్రిల్ ఇరవై ఎనిమిది, సోమవారం. వేట నిషేధం రోజులు, పెద్ద బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. తెప్ప మీద పట్టిన కానాగంత చేపలు మీ అమ్మ ఎవరిచేతో పంపింది. నువ్వు పెరట్లో బాగుచేశావు. పెరటి తూము పూడుకుపోయింది, వారం నుంచీ నాన్నకి చెబుతున్నావు. అందుకని ఆ నీళ్ళ బేసిన్ హాల్లోంచి పట్టుకెళ్ళి ముందువైపు కాలవలో పారబోశావు. తరవాత బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికెళ్ళావు. నేను నా గదిలో ఉన్నాను. నాన్న డ్యూటీలో. పదకొండున్నరకి అమ్మ కుర్చీలోంచి లేచి గుమ్మం వైపు రెండడుగులు వేసి పడిపోయింది.

తాయారత్త వచ్చేసరికి, అన్నయ్య వచ్చేసరికి నేల తడిగా ఉంది. తాయారత్త గుమ్మంలో అడుగుపెట్టగానే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. "ఇదిగో, చేపనీళ్ళు. వాసన చూడండి, గుప్పుమంటోంది" అంది. అమ్మ కింద పడి మూలుగుతోంది. తాయారత్తకి ముందు వాసన తెలిసింది. అన్నయ్య నీవైపు తిరిగి, "నేలంతా ఎందుకు తడిగా ఉంది" అని అడిగాడు. నన్ను కాదు, నిన్ను. నువ్వు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నావు. ఆ మూసుకున్న నోరే ఒప్పుకోలు అయిపోయింది. మూడో రోజు మీ నాన్న ఆటో తీసుకుని వచ్చి నిన్ను ఎక్కించుకు వెళ్ళాడు. చెప్పులు విప్పి లోపలికి కూడా రాలేదు.

జులైలో ఒకసారి నాకు ఫోన్ చేసి, నువ్వే అన్నావు. "ఏమో సత్తే, బేసిన్ తొణికిందేమో. నాను సూసుకోలేదు. అంత మంది అంటన్నారంటే అయ్యుంటాదిలే." ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. వాళ్ళు అనడం ఒక ఎత్తు. నువ్వు నమ్మడం మొదలుపెట్టావు.

నేను నీకు చెప్పాలనుకున్నది ఇది. తొడ ఎముక తిన్నగా పైకి వెళ్ళి తొంటిలో దిగదు. పైన మెడలా పక్కకి వంగి, ఆ మెడ చివర గుండు ఉంటుంది. ఒంటి బరువు ఆ గుండు మీద పడుతుంది, మెడ ఆ బరువుని పక్కనుంచి మోస్తుంది. హార్బర్లో క్రేను చెయ్యి చాపి నిలబడి ఉంటుంది చూడు, అలా. మనిషి ఒంటికాలి మీద నిలబడిన క్షణంలో ఆ కీలు మీద పడే బరువు ఒంటి బరువుకి రెండున్నర రెట్ల పైన. నడక అంటే ప్రతి అడుగూ ఒక క్షణం ఒంటికాలి మీద నిలబడటమే. ఎముక నొక్కితే బాగా తట్టుకుంటుంది, లాగితే అంతకంటే తక్కువ, మెలిపెడితే మరీ తక్కువ. కుర్చీలోంచి లేచి పక్కకి తిరిగి అడుగు వేస్తే మూడూ ఒకేసారి పడతాయి. మెడ లోపల బోలుగా ఉంటే పడిపోనక్కర్లేదు. అడుగు చాలు. ముందు విరుగుతుంది, తరవాత మనిషి పడుతుంది.

అమ్మకి ఫిబ్రవరి నుంచీ కుడి గజ్జలో సలుపు ఉంది. నీకు గుర్తుందా, బాము రాసింది నువ్వే. తాయారత్త వాతం అంది, నాన్న గ్యాస్ అన్నాడు. మెట్లెక్కేటప్పుడు కుంటేది. వెంట్రుకవాసి పగులు అప్పటికే ఉండుంటుంది. నేను ఎనాటమీ ట్యూటర్ని. నలభై మంది పిల్లలకి బోర్డు మీద ఆ మెడ బొమ్మ గీసి అక్కడే విరుగుతుంది అని వేలితో చూపిస్తాను. నా ఎదురుగా కుంటుతుంటే పుస్తకం చదువుకున్నాను.

ఆపరేషన్ రోజు డాక్టరు గారు, నేను ట్యూటర్నని తెలిసి, తీసేసిన ఎముక గుండుని స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. ల్యాబులో ఎన్ని పట్టుకున్నానో లెక్కలేదు. ఇది మరమరాల ఉండలా తేలిగ్గా ఉంది. బొటనవేలి గోరుతో నొక్కితే లోపలికి దిగింది. డాక్టరు గారు, "ఈ వయసుకి ఇదేంటమ్మా, పెద్దాపరేషన్ ఎప్పుడయింది?" అని అడిగారు. ఆయనకి ముందే తెలుసు, ఎప్పుడు అని మాత్రమే అడిగారు. బోలు ఎముకలు అని అన్నయ్యకి చెప్పారు. నేను నా జన్మలో మొదటిసారి ఎవరూ అడగకుండా నోరు తెరిచి, ముందు విరిగి తరవాత పడి ఉండొచ్చా సార్ అన్నాను. "ఉండొచ్చమ్మా. కొంతమందికి అలాగే అవుతుంది. ఇప్పుడు చూసి చెప్పలేం" అన్నారు.

అన్నయ్య అంతా విన్నాడు. వరండాలోకొచ్చాక, "అయినా జారకపోతే విరిగేది కాదు కదా" అన్నాడు. అన్నయ్య పోర్టులో చేసే పని నీకు తెలుసు. క్రేన్ల వెల్డింగుల మీద ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లి, కంటికి కనబడని పగుళ్ళు ఎక్కడ ఎర్రగా ఊరుతాయో చూడటం. ఆ రోజు ఎత్తిన బరువు వల్ల కాదు, ఏళ్ళతరబడి ఎత్తిన బరువుల వల్ల పగులుతుంది అని మనకి ఎన్నిసార్లు చెప్పాడు! క్రేను చెయ్యి విరిగి పడితే కింద నేల కడిగినవాడిని పట్టుకుంటావా అన్నయ్యా అని అడగాలనుకున్నాను. అడగలేదు. అన్నయ్య చెడ్డవాడు కాదు. నీ దిండు గలేబు ఇప్పటికీ మార్చనివ్వడు. "ఒక్కసారి సారీ అంటే ఏం పోతుంది, తను వచ్చేస్తుంది కదా" అని నాతో పది సార్లు అన్నాడు. నిజంగానే నువ్వు రావాలని ఉంది. నిన్ను నిలబెట్టి తెచ్చుకునే ధైర్యం లేదు కాబట్టి నిన్ను వంచి తెచ్చుకుందామనుకుంటున్నాడు.

అమ్మ కూడా ఒకసారి నిజం చెప్పింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయితో, "ముందు తొంటిలో కలుక్కుమంది, తరవాత కాలు నాది కాకుండా పోయింది" అంది. నేను పక్కనే ఉన్నాను. తాయారత్త వెంటనే అందుకుని, "పడ్డావు కాబట్టి కలుక్కుమంది వదినా, ముందెలా అంటుంది" అంది. అమ్మ కాసేపు ఆలోచించి, అంతేలే అంది. మర్నాటినుంచి పడ్డాకే కలుక్కుమంటోంది. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ అలాగే చెబుతుంది. కోడలు పుణ్యమా అని కాలు పోయింది అంటుంది. అమ్మ అబద్ధం ఆడటం లేదు. తన ఒంట్లోంచి ఏం తీశారో తనకి చెప్పనివాళ్ళ మీద వెయ్యలేని నింద ఎక్కడో ఒకచోట వెయ్యాలి. నువ్వు దగ్గరగా ఉన్నావు.

ఒక్క మాటే కదా అని మీ మావయ్య అంటున్నాడు. ఎముక విరిగినప్పుడు సరిగ్గా నిలబెట్టకుండా కట్టు కడితే అది అతుక్కుంటుంది వదినా, అతుక్కోకుండా ఉండదు. వంకరగా అతుక్కుంటుంది. ఇక ఆ కాలితోనే నడవాలి. సరిచెయ్యాలంటే డాక్టరు దాన్ని మళ్ళీ విరగ్గొట్టాలి. ఆదివారం నువ్వు ఆ మాట అంటే అందరూ లేచి టిఫిన్లు తింటారు. శ్రీరామ్మూర్తి గారు అమ్మాయి మంచిది అంటారు. తాయారత్త నీకు కుంకుమ పెడుతుంది. ఆ మర్నాటినుంచి ఈ ఇంట్లో పాలు విరిగినా నీ పేరే.

నువ్వు రావద్దని కాదు. నువ్వు లేక వంటింట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. రా. ఆ మాట అనకుండా రా. లేదా అసలు రాకు.

మీ అమ్మకి, నాన్నకి ఈ ఉత్తరంలో సంగతి చెప్పు. చదివి వినిపించినా పరవాలేదు.

ఇట్లు
నీ ఆడపడుచు,
శ్రీసత్య

తా.క.: ఇక్కడిదాకా రాసి కవరు అంటించాను. మళ్ళీ చించాను. పైన రాసినది నిజమే కానీ, అది పుస్తకాల్లోది. డాక్టరు గారే "ఉండొచ్చు" అన్నారు. ఉండొచ్చు అన్నదాన్ని పట్టుకుని నువ్వు నలుగురి ముందు నిలబడలేవు. కాబట్టి ఈ కింది నాలుగు ముక్కలూ ఉన్న కాగితం వేరేగా పెడుతున్నాను, నా సంతకంతో. ఆదివారం శ్రీరామ్మూర్తి గారి చేతికివ్వు, అందరికీ వినబడేలా చదవమను. నేను అక్కడే ఉంటాను.

ఆ రోజు చప్పుడుకి మొదట వచ్చింది నేను. అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేల పొడిగా ఉంది. నా బట్టలు తడవలేదు. అమ్మ కళ్ళు తేలేసింది. ముఖం మీద చల్లడానికి వంటింట్లోంచి చెంబు నిండా నీళ్ళు తెచ్చాను. చెంబు చేతిలోంచి జారిపోయింది. అందరూ చూసిన తడి అదే. అవి మంచినీళ్ళు.